చెయ్యెత్తితే లేచే ఇంజనీర్లు

జకర్యాకి కంప్యూటర్ల గురించి తెలిసింది తక్కువ. బోర్డులు రాయించడం మాత్రం బాగా తెలుసు. చిలకలగూడలో మటన్ కొట్టు మీది మేడలో ఒకప్పుడు టైపు నేర్పేవాడు. ఊరంతా అమెరికా పేరు చెప్పుకుని ఊగిపోయిన రోజుల్లో టైపు మిషన్లు అమ్మేసి, కంప్యూటర్లు తెచ్చి, కుర్రాళ్ళని బస్తాల్లా కుక్కాడు. రెండు వేల ఒకటిలో అక్కడ కంపెనీలు కూలగానే ఇక్కడ కుర్చీలు ఖాళీ. ఇంకొకడైతే తాళం వేసుకునేవాడు. ఈయన బోర్డు మార్చి 'ప్రాంతీయ ఇన్నొవేషన్ సెంటర్' అని రాయించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అది నమ్మి, పెట్టుబడికి చోటు వెతుక్కుంటున్న విదేశీ కంపెనీ దొర ఒకడు చూడ్డానికి వస్తానన్నాడు.

భార్య ప్రిసిల్లాకి ఈ వేషాలంటే అసహ్యం. కాకినాడ నుంచి కోడలిగా వచ్చిన ఆమె లాలాగూడ చర్చిలో క్వయర్ నడుపుతుంది. రైల్వే క్వార్టర్ల పిల్లల్ని పోగేసి, తిట్టి, బతిమాలి పాడించడం ఒక్కటే ఆమె తనదని చెప్పుకోగలిగిన పని. జకర్యా కన్ను సరిగ్గా దానిమీదే పడింది.

"ఒక్క పూట నీ పిల్లల్ని పంపు. కంప్యూటర్ల ముంగట ఇంజనీర్ల లెక్క కూసుంటే చాలు. లేకుంటే ఇజ్జత్ పోతది."

"ఉంటే కదండీ పోడానికి," అంది ప్రిసిల్లా. "పంపుతాను. కానీ క్రిస్మస్ వస్తోంది. నా పిల్లల్ని మళ్ళీ నాకు అప్పజెప్పాలి."

"నీ క్వయర్‌తోని నాకేం పని?"

పిల్లలు ఇస్త్రీ బట్టల్లో వచ్చి, ఎవరూ చెప్పకుండానే చర్చిలోలాగే కూర్చున్నారు. ఆడపిల్లలు ముందు, బొంగురు గొంతులు వెనక. దొర చూశాడు, తలూపాడు. జకర్యా వంగి వంగి నడుం విరగ్గొట్టుకున్నాడు. వెళ్ళబోతూ దొర, పైకప్పులో చెమ్మ ఏమిటని అడగడానికి చెయ్యెత్తాడు.

క్వయరంతా ఒక్కసారిగా లేచి నిలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చింది. తలుపు దగ్గరున్న ప్రిసిల్లా కళ్ళు మూసుకుంది. చెయ్యి దిగగానే కీర్తన అందుకున్నారు. ప్రిసిల్లా చెయ్యెత్తితే లేవడం, దించితే పాడడం ఏళ్ళ అలవాటు, వాళ్ళ తప్పేముంది? దొర ఒక చరణం మర్యాదగా విని, చప్పట్లు కొట్టి, కారెక్కాడు. పెట్టుబడి బెంగుళూరు పోయింది.

సిగ్గున్నవాడు మంచమెక్కేవాడు. జకర్యా దొరతో దిగిన ఫోటో పెద్దది చేయించి, 'విదేశీ సహకారంతో' అని రాసి మెట్ల దగ్గర కట్టాడు. జనం ఎగబడ్డారు. గొర్రెలు నయం. అందరికంటే ముందు ఫీజు కట్టింది క్వయర్ పిల్లల తండ్రులే. జరిగిందంతా పిల్లల నోటే విని, పడీపడీ నవ్వి మరీ కట్టారు.

"దొర వచ్చిండు గదమ్మా, ఉత్తగనే వస్తడా?" అన్నాడు వాళ్ళలో ఒకడైన ఐజాక్, ప్రిసిల్లా నిలదీస్తే.

క్లాసులు సరిగ్గా క్వయర్ ప్రాక్టీసు వేళకే పెట్టాడు జకర్యా. క్రిస్మస్ నాడు, ప్రాక్టీసుకి రాని పిల్లలు తలలు దించుకుని తల్లుల పక్కన కూర్చున్నారు. ప్రిసిల్లా చెయ్యెత్తింది. ముందు వరసలో ఇద్దరు ఆడపిల్లలు లేచారు. వెనక బెంచీలన్నీ ఖాళీ.

ఖాళీ కుర్చీ కనపడితే ఆగలేని జకర్యా గబగబా వచ్చి, వెనక బెంచీలో నిలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చాడు. ఆయన వెళ్ళి తన చోట కూర్చునేదాకా ప్రిసిల్లా చెయ్యి దించలేదు.