మైకు పట్టుకున్న ప, స

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు ముద్రించే కొట్టు పైన ఒక చిన్న గది ఉంది. గోడలకు పాత పరుపులు నిలబెట్టి, కిటికీకి బొంత బిగించి, అందులో ఒకాయన ఆటోల్లో తిరిగే ప్రకటనలు రికార్డు చేస్తాడు. ఆ గదిలోకి మొదటిసారి అడుగు పెట్టినప్పుడే నాకు ఆయన మీద నమ్మకం కుదరలేదు.

నేను ఉదయగిరిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. నాయన ఇప్పటికీ మర్రిపాడు వైపు మందను తోలుతాడు. మా మేనమామకు ఆత్మకూరులో పశువుల మందుల కొట్టుంది. గొర్రెలకు టీకాలు, కడుపులో పురుగులు పోయే నట్టల మందు వేసే శిబిరం పెడుతూ, ఆ ప్రకటన నన్ను చదవమన్నాడు. "మనోళ్ల మాటైతే మనోళ్లకు బాగా ఎక్కతాదమ్మా" అన్నాడు. సరేనని ఒక ఆదివారం బస్సెక్కాను.

చదవాల్సింది పది వాక్యాలు. "పొట్టేళ్లకు, పిల్లలకు, పాలిచ్చే తల్లులకు" అంటూ మొదలవుతుంది. మొదటి వాక్యం పూర్తి కాకముందే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ప కొడతా ఉండాది టీచర్."

"కొట్టడమేంది?"

"ప అన్నప్పుడు మీ నోట్లో గాలి పోయి మైకును గుద్దతా ఉండాది. స్పీకర్లో దబ్ దబ్‌మంటాది. స కూడా చెవిలో గీస్తా ఉండాది."

పదిహేనేళ్లుగా పిల్లల ఉచ్చారణ దిద్దుతున్నదాన్ని. నా ప, నా స బాగాలేవని చెప్పడానికి ఈయనెవరు? పైగా ఒక కాగితం మీద వరసగా మాటలు రాసిచ్చి, ఒక్కోటి ఐదు సార్లు చెప్పమన్నాడు. పలక, పాము, పుల్ల, సంత, సున్నం, సీసా. నేను చెబుతుంటే హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్లు మూసుకుని, అవే మళ్లీ మళ్లీ విన్నాడు. నేను ఆగి మంచినీళ్లు తాగుతున్నప్పుడు కూడా రికార్డింగ్ నడుస్తూనే ఉంది. గొర్రెల ప్రకటనలో పాముతో ఏం పని?

ఇంతలో ఆయన కళ్లు తెరిచి, "ముందు పళ్లు ఈ మధ్య కట్టించుకున్నారా?" అన్నాడు.

నా చెయ్యి నోటికి అడ్డం పోయింది. ఎండాకాలంలో మెట్ల మీద జారిపడి పన్ను విరగ్గొట్టుకున్నాను. నెల్లూరు వెళ్లి కట్టించుకున్న సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"మీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. మీ స వెనకాల సన్నగా ఈల వస్తా ఉండాది."

నేను నమ్మలేదు. నా గురించి ఎక్కడో ఆరా తీశాడనిపించింది. గబగబా ప్రకటన చదివేసి బయటపడ్డాను. మనిషి గొంతును కంప్యూటర్లో పెట్టి, ఆ గొంతుతో ఏ మాటైనా పలికించి చుట్టాలకు ఫోన్లు చేస్తున్నారని వార్తల్లో చూస్తూనే ఉన్నాం. దారి పొడవునా అదే ఆలోచన. ఇంటికెళ్లగానే మా ఆయనతో, "నా గొంతుతో ఎవరు డబ్బులడిగినా పంపొద్దు" అన్నాను.

"నువ్వు అడిగితేనే ఎప్పుడూ పంపలేదు గదా" అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నాలుగో రోజు నాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆటో వచ్చి పోయింది. అది నీ గొంతు కాదు."

"నేనే గదా చదివినాను నాయనా."

"కాదంటుంటే! ఎవరో పళ్లూడిన ఆమె చెప్పినట్టుండాది. ఒట్టేళ్లంట, తోమవారమంట. మందల కాడ అందరూ ఒకటే నవ్వు."

నా అనుమానం గట్టిపడింది. నా గొంతు దాచుకుని, ఇంకెవరి చేతో చదివించి పంపాడు. లేకుంటే ఆ మాటలన్నీ ఎందుకు పలికించినట్టు? మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి ఆత్మకూరు వెళ్లాను. నన్ను చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు.

"నా గొంతును ఏం చేసినారు?"

ఆయన పెద్ద స్పీకరు పెట్టి, మొదట నేను చదివింది చదివినట్టే వినిపించాడు. ప వచ్చినప్పుడల్లా తలుపు మీద గుద్దినట్టుంది. స వచ్చినప్పుడల్లా రేకు మీద మేకుతో గీసినట్టు, దాని వెనక ఈల. తర్వాత ఆటోలో తిరిగింది వినిపించాడు. మాటలు చెడిపోయాయి గానీ, మనిషిని నేనే. "తల్లులకు" అన్న మాటను నేను సాగదీసే తీరు ఇంకెవరికీ రాదు.

"ప ముందరి గాలిని కోసేసినాను. ఆ కోతలో ప కూడా పోయింది. ఈల పోవాలని స ని మరీ నొక్కేసినాను. తప్పు నాదే."

"నన్ను మళ్లీ పిలిచుండొచ్చు గదా?"

"పళ్ల మాట ఎత్తినందుకే మీ మొహం అట్టా మారిపోయింది. మళ్లీ పిలిచేదానికి భయమేసింది టీచర్."

నేను మెత్తబడలేదు. పలికించిన ఆ మాటలన్నీ కంప్యూటర్లో ఎక్కడున్నాయో చూపించమన్నాను. చూపించాడు. తీసేయమంటే తీసేశాడు. తెర మీద పక్కనే ఇంకో ఫోల్డరు కనిపిస్తుంటే అదేమిటన్నాను. నిట్టూర్చి అదీ తెరిచాడు. అందులో వరసగా ఆయన సొంత గొంతే ఉంది. ఒకటి పెట్టమన్నాను. సంత, సున్నం, సీసా. ప్రతి స లోనూ ఈల, నాకంటే ఎక్కువగా.

బైకు మీద నుంచి పడి ముందు పళ్లు పోయాయట. అంతకు ముందు ఈ చుట్టుపక్కల తిరిగిన ఆటోల్లో గొంతు ఆయనదేనట. పళ్లు కట్టించుకున్నాక రోజూ పలికి చూసుకున్నాడట. స కుదరక, చదవడం మానేసి ఇతరుల చేత చదివిస్తున్నాడు. ఇదంతా నా వైపు చూడకుండా చెప్పాడు.

నేను ప్రకటన కాగితం చేతిలోకి తీసుకుని, "మళ్లీ చదువుతాను" అన్నాను.

ఈసారి మైకును నా నోటికి ఎదురుగా కాకుండా, జానెడు దూరంలో కాస్త పక్కకు తిప్పి పెట్టాడు. మధ్యలో పల్చటి గుడ్డ బిగించిన చట్రం నిలిపాడు. స దగ్గర నాలుక కొసను కొంచెం కిందికి దించమన్నాడు.

"క్లాసులో ఆఖరి బెంచీకి ఇనపడాలని ప ని గట్టిగా తోస్తా ఉండారు మీరు. ఇక్కడ ఆఖరి బెంచీ లేదు. పక్కనున్న మనిషికి చెప్పినట్టు చెప్పండి."

నాయనకు చెబుతున్నట్టు అనుకుని చదివాను. మూడోసారికి కుదిరింది. స్పీకర్లో వింటే ప మెత్తగా ఉంది, స స లాగే ఉంది. ఈల మాత్రం ఎక్కడో కాస్త మిగిలింది. "అది ఉండనీండి, దాన్ని కదిలిస్తే మాట పోతాది" అన్నాడాయన.

సోమవారం శిబిరానికి మందలు బాగానే వచ్చాయి. నాయన కూడా తోలుకుపోయాడు. నెల తిరక్కముందే కొండాపురం వైపు తిరిగే ఇంకో ప్రకటన చదవమని ఆ రికార్డింగ్ ఆయన నాకు ఫోన్ చేశాడు. వస్తానన్నాను. ఆయన చెప్పిందంతా నేను నమ్మాను. అయినా ఈసారి మా ఆడబిడ్డను వెంటబెట్టుకుని వెళ్లాను.