ఆలుగడ్డల మీద పోసిన ఉల్లిగడ్డలు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆలుగడ్డల గురించా ఇంత బాధ అని నవ్వుతారేమో. నవ్వినా సరే, చివరిదాకా వినండి.

సుల్తానాబాద్‌లో మా అత్తగారింట్లో అప్పుడు ఒకటే పొయ్యి. నేను కొత్త కోడలిని. ఈస్టర్ నాడు మా చర్చిలో జరిగే ప్రేమవిందుకు ఆలుగడ్డ కూర మా ఇంటినుంచే పోవాలి. చలికాలం చివర్లో గడ్డలు కొని, విందుదాకా కాపాడే పని నా యారాలిది, అంటే మా బావ భార్యది. ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. అక్క వాటిని కడిగేది కాదు. దెబ్బ తగిలినవి ఏరేసి, చీకటి అర్రలో ఇసుక మీద పరిచి, గోనెసంచి కప్పేది. పక్కనుంటే ఆలుగడ్డలు తొందరగా పాడవుతాయని ఉల్లిగడ్డలను ఆ అర్రలోకే రానిచ్చేది కాదు. అత్త ఆమెను మెచ్చుకోని రోజు లేదు. నాకు అసూయగా ఉండేది. అవును, అసూయే. వేరే పేరు ఎందుకు పెట్టడం?

ఆ ఏడు అక్క కొన్నాళ్లు ఆసిఫాబాద్‌లో పుట్టింటికి వెళ్లింది. అప్పుడే ఇంటికి ఉల్లిగడ్డల బస్తా వచ్చింది.

"గడ్డలను గడ్డల తాన పెట్టు" అంది అత్త.

మా దగ్గర ఆలూ గడ్డే, ఉల్లీ గడ్డే. అత్త చెప్పింది వసారాలోని ఉల్లిగడ్డల గంప గురించని నాకు తెలుసు. తెలిసే, ఆ మాటను అడ్డం పెట్టుకుని బస్తాను ఆలుగడ్డల మీద కుమ్మరించాను. కొన్ని మొలకలొస్తే అక్క పేరు కాస్త తగ్గుతుందనుకున్నాను. అన్నీ పోవాలనుకోలేదు. లేక అనుకున్నానా?

ఆమె వచ్చేముందు ఉల్లిగడ్డలు ఏరి తీసేశాను. విందు దగ్గరపడ్డాక గోనె ఎత్తితే ఒకటే కుళ్లు వాసన.

"పెద్దదానివని నీ మీద ఇడిసిపెడితే గిట్లనా చేసేది? సంఘపోళ్లకు ఏం ముఖం సూపియ్యాలె?" అని అత్త వాకిట్లోనే అక్కను కడిగేసింది. అక్క అర్రలోకి పోయి ఇసుకలో వెతికింది. ఒక ఉల్లిపొట్టు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"చెల్లె, నువ్వేమన్న కలిపినవా?"

"లేదక్కా. నేను గా అర్రలకే పోలే."

"సరే తియ్యి."

ఆ పొట్టు అత్తకు చూపిస్తే చాలు, తన తప్పు లేదని తేలిపోయేది. చూపించలేదు. కానీ ఆ మాట పడ్డాక ఆ ఇంట్లో మునుపటిలా ఉండలేకపోయింది. ఏడాది తిరక్కుండా బావా, ఆమె ఆసిఫాబాద్‌లోనే కాపురం పెట్టారు.

ఇప్పుడు ఇసుక పరిచేది నేనే. గడ్డలు బాగానే నిలుస్తాయి. పక్కన కూర్చుని ఏరుతూ కబుర్లు చెప్పే మనిషే లేదు. అక్క మీద బెంగ ఇన్నేళ్లకూ తగ్గలేదు. అప్పుడప్పుడు ఫోన్ చేసి పిల్లల సంగతులు అడుగుతుంది, ఆ ఊసు మాత్రం ఎత్తదు. ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన నేను చెప్పినట్టవుతుందా? కాదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను, కలిపింది నేనే. ఈ ఒక్క మాట బయటికి అన్నాక గుండె కాస్త తేలికపడింది, అంతే. అక్క ప్రేమకు నేను తగను. అయినా ఫోన్ మోగితే ఆమేనేమో అని ఇప్పటికీ పరుగెత్తుతాను.