కాలవ వైపు మొహం

లేదండీ, ఒప్పుకోను. ఆ మెసేజ్ తీసేయమని అడ్మిన్ గారు ఎన్నిసార్లు అడిగినా తియ్యను. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒక సీనియర్, బడి వెనకవైపు పాత మెట్లు కొట్టేసి బైకులకి షెడ్డు వేద్దామని పెడితే, కిందంతా లేచిన బొటనవేళ్ల వరస చూసి ఒళ్లు మండిపోయింది. అది వెనకవైపు కాదని నేను మెసేజ్ పెట్టాను. "వైజాగ్ నుంచొచ్చి మూడేళ్లు చదివి పోయావు, నీకెందుకమ్మా?" అన్నారు.

నిజమే, మూడేళ్లే. నాన్నకి బదిలీ అయి, నరసాపురం దగ్గర ఆ ఊళ్లో ఎనిమిదిలో చేరాను. ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన తరం వాళ్లు ఇంకా బతికుండగానే దొరలు కట్టించిన ఇంగ్లీషు బడి అది. వరదొచ్చినా తడవనంత ఎత్తు అరుగు, మూరెడు మందం గోడలు, రెక్కల కిటికీలు, ఎండాకాలంలో కూడా లెక్కల క్లాసులో హాయిగా కునుకు పట్టేంత చల్లటి గదులు. రోడ్డు మీంచి చూస్తే మాత్రం ఒక బోసి గోడ, ఒక ఇరుకు తలుపు. ఇంత కట్టి గుమ్మం దగ్గర పిసినారితనం ఏంటో అనుకునేదాన్ని.

పదో తరగతిలో స్కూల్ వార్షికోత్సవానికి మామ్మని రమ్మన్నాను. మామ్మ పుట్టిల్లు ఆ ఊరే; ఆవిడా, వాళ్ల తాతగారూ కూడా ఆ బడిలోనే చదివారు. నేనేదో గైడునన్నట్టు ఫోన్ ఊపుకుంటూ ముందు నడిచి, ఆ ఇరుకు తలుపు దగ్గర ఫొటోకి నిలబడమంటే మామ్మ పకపకా నవ్వింది.

"ఇది నీళ్లు మోసేవాళ్ల దారే, పిచ్చిమొద్దూ! రా, గుమ్మం నేను చూపిస్తా."

అప్పట్లో బళ్లూ బస్సులూ అన్నీ పడవలేనట. వాళ్ల తాతగారి రోజుల్లో పిల్లలు పడవ దిగి, కిందిమెట్టు మీద కాళ్లు కడుక్కుని, ఎదురుగా కమానులు చూసుకుంటూ పైకెక్కేవారట. కాలవ మలుపు తిరగ్గానే బడి నిండుగా కనపడాలనే అలా కట్టారట. చెబుతూనే మామ్మ జుట్టు సవరించుకుంది, పమిట సర్దుకుంది.

మూల తిరిగాం. ఆ కమానులకి అడ్డంగా మా మగపిల్లల టాయిలెట్లు. వాటి గొట్టం మెట్ల మీదుగా కాలవలోకి. మూడేళ్లుగా వెనక గోడ అని నేను ముక్కు మూసుకుని దాటిపోయిన చోటు అదే. అటెండరు పరిగెత్తుకొచ్చి "అటెళ్లకండి మామ్మగారూ, కంపండీ!" అన్నాడు. మామ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఫొటో వద్దంది.

నేను హెడ్మాస్టరు గారి గదిలోకి దూసుకెళ్లి అరిచాను. ఆయన కోప్పడలేదు. "కాలవ వైపు ఎవరు చూస్తారమ్మా?" అన్నారు. నేను మాత్రం చూశానా? బయటికొచ్చేసరికి మామ్మే నన్ను ఊరడించింది: "పోన్లేవే, పిల్లలకి దొడ్డి కావాలి కదా." తిట్టినా బావుండేది. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను, ఇప్పుడు రాస్తున్నా అలాగే ఉంది.

పడవలు పోయి బస్సులొచ్చాక ఊరంతా లేచి రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. పాపం బడి తిరగలేకపోయింది. ఇప్పుడా మెట్లు కూడా పోతే, అటునుంచి ఎవరైనా వచ్చారనడానికి ఆనవాలుండదు.

షెడ్డు వేసుకోండి. వేసే ముందు, ఆ బడిలో చదివిన మీ అమ్మనో మామ్మనో చెయ్యి పట్టుకుని ఆ మెట్ల దాకా తీసుకెళ్లి, ఇవి ఎందుకూ పనికిరావని ఆవిడ కళ్లలోకి చూస్తూ చెప్పండి. చెప్పగలరా?