మూడుసార్లు వచ్చిన మంగళవారం

ఒక సోమవారం ఉదయం చెప్పు పట్టీ వాచిన నా పాదానికి అందలేదు. వారం క్రితం నా బరువు అరవై రెండు కిలోలు. ఆ రోజు అరవై ఆరు. తిండి తగ్గినా బరువు పెరగడం నాకు అనుమానం కలిగించింది. ఉద్యోగ జీవితమంతా గణాంకాలు సరిచూసినవాణ్ణి.

మేముండే కార్ఖానా పేటలో, ఇంటి దగ్గరి ఆసుపత్రిలో ఎల్‌ఎఫ్‌టీ అనే లివర్ రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేశారు. "క్రానిక్ లివర్ డిసీజ్ అండీ, సిరోసిస్ వరకు వచ్చింది, లివర్ గట్టిపడిపోయింది" అన్నారు డాక్టరు. మద్యం ముట్టనివాణ్ణి. రిపోర్టులు తారుమారయ్యాయనుకొని రాంగోపాల్‌పేట్‌లో మరో ల్యాబుకు వెళ్లాను. అంకెలు ఇంచుమించు అవే.

వీధికో కంప్యూటర్ కోర్సు బోర్డు వెలసిన రోజులవి. ఆసుపత్రిలోనూ రోగులకు వ్యాధి గురించి వీడియో చూపే గది పెట్టారు. ఉచితమనగానే, దీని వెనుక మందుల కంపెనీ ఉందనుకున్నాను.

"ఇది తీసిందెవరమ్మా? ఏ సంవత్సరంలో?" అని అక్కడి సిస్టర్‌ను అడిగాను.

"గదంత నాకెర్క లేదు సార్. హీరోయిన్ లేదు, లివర్ ఒక్కటే ఉంది. జెర కూసోండి."

సగంలో లేచి వచ్చేశాను.

ఒంట్లో చేరిన నీరు తగ్గే మాత్రలతో పాటు లాక్టులోజ్ సిరప్ రాశారు. అది తాగితే రోజుకు నాలుగుసార్లు విరేచనం. మందు వికటించిందని నేనే తీర్మానించి మానేశాను. మా ఆవిడ సరస్వతి సీసా చూస్తుంది కనుక రోజూ ఒక మోతాదు వాష్ బేసిన్‌లో పోసేవాణ్ణి.

కొన్నాళ్లకు పగలంతా మగత, అయినదానికీ కానిదానికీ కోపం. ఆసుపత్రి నుంచి ఆ వీడియో సీడీ సరస్వతి అడిగి తెచ్చుకొని, ఇంట్లో ఒక్కతే పూర్తిగా చూసింది. చేతిరాత మారడం, తేదీలు తప్పడం కూడా ప్రమాద సూచనలేనని అందులో ఉందట. వెంటనే నేను రోజూ నా బరువు రాసుకునే డైరీ తీసింది.

"ఇదేటండీ, మంగళవారం వరసగా మూడుసార్లు వచ్చింది?"

"నువ్వే రాసుంటావు."

"నా రాత ఇంత వంకరగా ఉంటే పెళ్లైన కొత్తలోనే దిద్దించేద్దురు. లేవండి, ఆటో పిలుస్తాను."

ఆసుపత్రిలో డాక్టరు వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. తొంభై మూడు తర్వాత ఆగిపోయాను.

"హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ. లివర్ జబ్బు ప్రభావం మెదడు మీద పడింది. సిరప్ ఆపారా?"

తల ఊపాను. సరస్వతి నా వైపు చూడలేదు.

నాలుగు రోజులు అడ్మిషన్‌లో ఉన్నాను. తేరుకున్నాక వీడియో చివరిదాకా చూశాను. లివర్ వదిలించలేని విషపదార్థాలు మెదడుకు చేరకుండా, ఆ విరేచనాలతోనే బయటికి పోవాలి. నేను రోగమనుకున్నదే వైద్యం. నాలుగుసార్లు ఎక్కువైతే మోతాదు తగ్గించేవారు. నేను చెప్పలేదు, అంతే. ఇప్పుడు రెండు మూడు సార్లకు సరిపోయేలా రాశారు.

నా లివర్ బాగుపడలేదు, నిలకడగా ఉంది. బరువు అరవై ఒకటి. మోండా మార్కెట్‌కు నేనే వెళ్లి కూరలు తెస్తున్నాను.

ఇదే జబ్బు ఉన్నవారికి ఒక్క మాట. ఆ వీడియోలు మీరొక్కరే చూడకండి; ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ తీరు మారిందని వారు అంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఆటో ఎక్కనని ఆ రోజు నేను రెండు గంటలు వాదించానట. నాకేమీ జ్ఞాపకం లేదు. ఆ అంకె సరస్వతి చెప్పినదే, నమ్ముతున్నాను.