ముందు గొంతు, తర్వాత బొమ్మ

ఈ వానాకాలం మొదట్లో నా గొంతు పట్టేసింది. మాదాపూర్‌లో మా స్టూడియో గదులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. వానలో తడిసివచ్చి ఆ చలిలో కూర్చుంటే గొంతు మాత్రం ఏం చేస్తుంది? పాట పాడడానికి వచ్చిన ఒక పెద్దావిడ నా అవస్థ చూసి, సంచిలోంచి కరక్కాయ ముక్క తీసి చేతిలో పెట్టారు. బుగ్గన పెట్టుకోగానే నోరంతా వగరు. కాసేపయ్యాక మంచినీళ్ళు తాగితే అవి తియ్యగా దిగాయి. ఆ తీపి గొంతులోకి జారుతుండగా, ఎప్పుడూ సంచిలో కరక్కాయ పెట్టుకుని తిరిగే రత్నకుమారి గారు గుర్తొచ్చారు. ఎంతగా గుర్తొచ్చారంటే, రికార్డింగు ఆపేసి బయట మెట్ల మీద కాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను.

మీరు ఆమెను చూసి ఉండరు, విని మాత్రం ఉంటారు. పాత సినిమాల్లో ఎంతోమంది కథానాయికలు ఆమె గొంతుతోనే ఏడ్చారు, అలిగారు, పెళ్ళిపీటల మీద సిగ్గుపడ్డారు. తెర మీద ముఖం వాళ్ళది, మాట ఈవిడది. బాపట్లలో పుట్టి, పెళ్ళయ్యాక మద్రాసు వెళ్ళి, సినిమావాళ్ళ వెంటే హైదరాబాదు వచ్చి, చివరికి చందానగర్‌లో స్థిరపడ్డారు. మనిషి పొట్టి. నేత చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, భుజాన ఒక గుడ్డసంచి. రైతుబజారులో వంకాయలు ఏరుకునే ఎవరో పెద్దమ్మ అనుకోవాల్సిందే. నోరు తెరిస్తే మాత్రం ఆటోడ్రైవర్లు, ఈ గొంతు ఎక్కడో విన్నామే అని వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఆమె వాళ్ళను కాస్త ఆడించేవారు కూడా. హీరోయిన్ అలిగిన గొంతుతో మీటరు వేయవా అని అడిగితే, పాపం, వాళ్ళు వేసేవాళ్ళు.

నేను ఆమెను కలిసేనాటికి తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాది పాలమూరు నుంచి పనికోసం వచ్చిన కుటుంబం. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక బస్తీలో కిరాయికి ఉండేవాళ్ళం. మా అమ్మ యాదమ్మ హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో నేలలు తుడిచేది. నాకు బాచుపల్లిలోని ఒక ప్రైవేటు స్కూల్లో ఫీజు లేకుండా సీటు దొరికింది. ఆ సీట్లో నోరు మూసుకుని కూర్చోవడం చాలా త్వరగా నేర్చుకున్నాను, ఎందుకంటే మొదటిరోజు నేను నోరు తెరవగానే క్లాసంతా నవ్వింది. 'గిదేంది సార్' అన్నాను, అంతే. ఆ తర్వాత ఎవరేమడిగినా తల ఊపడమే. అమ్మకు ఇవేవీ తెలియవు. తను పనిచేసే కంపెనీవాళ్ళు మా బస్తీ కమ్యూనిటీ హాల్లో శనివారాలు పిల్లలకు చక్కగా మాట్లాడడం నేర్పిస్తారని విని, ఇంగ్లీషు వస్తుందన్న ఆశతో నన్ను అటు తోసింది.

ఇంగ్లీషు జాడ కూడా లేదక్కడ. కంపెనీ ఇచ్చిన కొన్ని ట్యాబులు, ఒక మైకు, వాటి మధ్య రత్నకుమారి గారు. మొదటిరోజు మాకు చెప్పిన పాఠం ఏమిటంటే, ఇళ్ళకు వెళ్ళి బొంతలు తెమ్మనడం. ఉత్త గోడలు మాటను తిప్పికొడతాయి, బొంతలైతే కడుపులో పెట్టుకుంటాయి అని చెప్పి, తాళ్ళు కట్టించి చుట్టూ వేలాడదీయించారు. మాకు అది స్టూడియో. సాయంత్రానికి మా అమ్మలంతా బొంతల కోసం గుమ్మంలో నిలబడ్డారు. ఎన్ని బొంతలు కట్టినా లోకల్ రైలు మోత ఆగేది కాదు. రైలు వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి పైకెత్తేవారు, మేమంతా ఉన్నవాళ్ళం ఉన్నట్టే బిగుసుకుపోయేవాళ్ళం. చిన్నపిల్లలు కొందరు ఈ ఆట కోసమే వచ్చేవాళ్ళు.

ఒకరోజు ఆమె శబ్దం తీసేసి ఒక కార్టూన్ చూపించారు. అందులో ఒక రాకుమారి, ఆమె నగలు కొట్టేసే దొంగ. మాటలు మీరే పెట్టండి అన్నారు. బొంతల చాటున ఎవరూ నవ్వరని ధైర్యం వచ్చిందో ఏమో, రెండు పాత్రలూ నేనే చెప్తానన్నాను. రాకుమారికి టీవీలో వార్తలు చదివే ఆవిడలా తీయగా, నిదానంగా చెప్పాను. దొంగకు మా ఇంట్లో మాట్లాడుకునే మాట పెట్టి దంచేశాను. పిల్లలు కింద పడి దొర్లారు. నన్ను చూసి కాకుండా నేను నవ్విస్తే జనం నవ్వడం అదే మొదటిసారి, నేను గాల్లో తేలిపోతున్నాను. రత్నకుమారి గారు మాత్రం నవ్వలేదు.

"దొంగ మాటలు బాగా చెప్పావమ్మా. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడిగారు.

"నేర్చుకునుడేంది మేడమ్. మా ఇంట్ల గిట్లనే మాట్లాడుతం."

"మరి మీ అమ్మ మాట తీసుకెళ్ళి దొంగకెందుకిచ్చావు?"

 ఇంటికి వెళ్ళేదాకా ఏడుపు ఆపుకుని, వెళ్ళాక కోపం తెచ్చుకున్నాను. ఎక్కడో కోస్తా నుంచి వచ్చి, అండీ గిండీ అనే ఆవిడకు మా మాట సంగతి ఎందుకు? మళ్ళీ శనివారం ఆ కోపంతోనే వెళ్ళి, సినిమాలన్నిట్లో గట్లనే ఉంటది గద మేడమ్, మా మాట మాట్లాడేటోళ్ళు రౌడీలు, పనోళ్ళే గద అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అవునమ్మా, ఆ సినిమాల్లో రాకుమారులకు మాట చెప్పింది నేనే అన్నారు. స్టూడియోలో ఆమె నోట బాపట్ల మాట ఒక్కటి దొర్లినా డైరెక్టరు గాజు అద్దం వెనక నుంచి ఆపేసేవారట. ఆ రాకుమారుల భాష బాపట్లలో కూడా ఎవరూ మాట్లాడరు అని చెప్పి ఆమే నవ్వేశారు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

అప్పుడు మొదలైంది మా సొంత కార్టూన్. కథ మాదే. గచ్చిబౌలి వైపు గుట్టలు పగలగొడుతుండగా ఒక ముసలి బండరాయి తప్పించుకుని దొర్లుకుంటూ వస్తుంది. నర్సి అనే అమ్మాయి దానికి కూర్చునే చోటు వెతికిపెట్టాలి. ఫ్లైఓవర్ మీద కూర్చుంటే పోలీసు ఈలవేస్తాడు, మాల్ ముందు కూర్చుంటే గార్డు తరుముతాడు. చివరికి నర్సి దాన్ని బస్తీకి తెచ్చి, గుమిగూడిన జనంతో ఒక మాట అంటుంది. "జర జరుగుండ్రి. గీయన మనోడే."

నర్సికి గొంతు నాది. బొమ్మలు నస్రీన్‌వి. నస్రీన్ మా పక్క గల్లీ పిల్ల, బొగ్గు దొరికితే గోడ, వేలు ఖాళీగా ఉంటే ట్యాబు, ఏదీ వదిలేది కాదు. అప్పటికే ఆమె కొన్ని బొమ్మలు గీసి పెట్టుకుంది. రత్నకుమారి గారు వాటిని పక్కన పెట్టించారు. ముందు గొంతు, తర్వాత బొమ్మ అన్నారు. జీవితమంతా ఎవరో ఆడించిన పెదాలను చూస్తూ, వాటికి సరిపడేలా తన మాటను కత్తిరించుకుంటూ వచ్చానని, ఈసారి బొమ్మ పెదాలే మన మాట వెంట నడవాలని చెప్పారు. నేను మైకులో చెప్పేశాక నస్రీన్ నా ఎదురుగా కూర్చుని, 'అ' అంటే నా నోరెంత తెరుచుకుంటుందో, 'మ' అంటే ఎలా మూసుకుంటుందో ఒక్కొక్కటే గీసింది. నోరు జర కదలకుంట పెట్టవే, పరేషాన్ జేస్తున్నవ్ అని కసిరేది. నా వంకర పన్ను కూడా నర్సికి పెట్టేసింది. నేను గొడవ చేశాను కానీ ఎవరూ పట్టించుకోలేదు.

కార్టూన్ దాదాపు పూర్తయ్యాక కంపెనీ తరఫున ఈ కార్యక్రమం చూసే సుచిత్ర గారు వచ్చారు. మంచి మనిషి, వచ్చినప్పుడల్లా మాకు సమోసాలు తెచ్చేవారు. చూసి మురిసిపోయారు, కంపెనీ వార్షికోత్సవంలో పెద్ద తెర మీద వేయిస్తానన్నారు. మేము ఎగిరి గంతేసే లోపే, ఒక్క చిన్న మార్పు అన్నారు. అతిథులు వస్తారు కాబట్టి హీరోయిన్ భాష కొంచెం పద్ధతిగా ఉంటే బాగుంటుంది. తన సహోద్యోగి కూతురు తెలుగు చక్కగా మాట్లాడుతుంది, నర్సికి ఆ పాప చెప్తుంది. బండరాయికి ఈ అమ్మాయి చెప్తే భలే కామెడీగా ఉంటుంది అని నా వైపు చూసి నవ్వారు.

 నర్సికి నా గొంతు లేకపోతే ఇంక ఆ కార్టూన్‌లో నేను లేను. అయినా నోరు మాత్రం, పోనీ తియ్యి మేడమ్, బండకే చెప్త అంది. అలవాటు అలాంటిది. రత్నకుమారి గారు వాదించలేదు. అలాగేనండీ, వచ్చే వారం పాపను తీసుకురండి, ప్రయత్నిద్దాం అన్నారు శాంతంగా. ఆ వారమంతా నేను ఆమెను మనసులో తిట్టని తిట్టు లేదు.

ఆ అమ్మాయి వచ్చింది. నిజంగానే తేనెలాంటి గొంతు. సుచిత్ర గారు రాసిచ్చిన మాటలు కూడా తప్పుపట్టేలా లేవు. 'దయచేసి కొంచెం పక్కకు జరగండి, ఇతను మనవాడే' అని ఆ పిల్ల హాయిగా చదివింది. తెర మీద నర్సి ఎప్పుడో నోరు మూసేసింది, మాట ఇంకా సాగుతూనే ఉంది. త్వరగా చెప్పమన్నారు, చెప్పింది. ఈసారి మాట అయిపోయింది కానీ నర్సి నోరు ఆడుతూనే ఉంది. నస్రీన్ బొంతలో ముఖం దాచుకుని నవ్వుతోంది. చివరికి ఆ పిల్లే హెడ్‌ఫోన్లు తీసి, ఇది నా నోరు కాదు ఆంటీ, ఆ అక్క నోరు అని నన్ను చూపించింది.

బొమ్మల్లో నోళ్ళు మార్చలేమా అని సుచిత్ర గారు అడిగారు.

"మార్చవచ్చండీ. అన్నీ మళ్ళీ మొదటినుంచి గీయాలి. ఎందుకు మార్చాలని ఈ పిల్లలు నన్ను అడుగుతారు, నాకు చెప్పడం చేతకాదు. చెప్పగలిగితే మీరే వాళ్ళకు చెప్పండి."

సుచిత్ర గారు మా ముఖాలన్నీ చూశారు. ఏదో అనబోయారు, సరిగ్గా అప్పుడే రైలు వచ్చింది, రత్నకుమారి గారి చెయ్యి పైకి లేచింది. ఆ మోత ఆగేదాకా సుచిత్ర గారు కూడా మాతోపాటు నిలబడాల్సి వచ్చింది. రైలు పోయాక ఆమె, ఉత్సవం దగ్గరపడింది, గీసే వ్యవధి లేదు, ఇలాగే కానిద్దాం అన్నారు. సమోసాల సంచి నా చేతికే ఇచ్చి వెళ్ళారు.

ఆరోజు గుడ్డసంచి మోస్తూ రత్నకుమారి గారిని ఆటోదాకా దిగబెట్టాను. గిట్లయితదని మీకు ముందే ఎర్కనా మేడమ్ అని అడిగాను.

"గొంతు మార్చడం ఎంత తేలికో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుందమ్మా? ఒకరి గొంతు తీసేసి నాది పెట్టారు, నాది తీసేసి ఇంకొకరిది పెట్టారు. అందుకే నీది తీయడానికి వీల్లేకుండా బొమ్మ నోటికి కట్టేశాను."

అని ఆటో ఎక్కి, ఎప్పటిలాగే అలిగిన గొంతుతో మీటరు వేయించుకుని వెళ్ళిపోయారు. నేను ఆ సందు చివరిదాకా పరుగెత్తి, ఊరికే నవ్వుతూ వెనక్కి వచ్చాను.

వార్షికోత్సవం రోజు అమ్మ పనిచేసే భవనంలోనే ప్రదర్శన. మేం ముందు వరుసలో కూర్చున్నాం. అమ్మ, తనతో పనిచేసేవాళ్ళు యూనిఫాంలతోనే వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నర్సి మొదటి మాట అనగానే హాలు నవ్వింది. బాచుపల్లి క్లాసు కళ్ళముందు తిరిగింది. కానీ వాళ్ళు నవ్వింది బండరాయి తిక్కకు, దాన్ని నర్సి ఆటపట్టించే తీరుకు. పోలీసు ఈలవేస్తే పిల్లలు బండ పక్షాన అరిచారు. 'జర జరుగుండ్రి, గీయన మనోడే' అని నర్సి అనేసరికి హాలంతా చప్పట్లతో లేచింది. నేను రత్నకుమారి గారి కోసం చూశాను. ఆమె పక్క తలుపు దగ్గర నిలబడి, నా మాటకు తన పెదాలు కదుపుతున్నారు. ఒక్క అక్షరం తప్పలేదు. అంత సంతోషం నేను ఇంకెవరి ముఖంలోనూ చూడలేదు.

తర్వాత లిఫ్టు నిండా జనం, నేను లోపల ఒక మూల ఇరుక్కున్నాను. అమ్మావాళ్ళు అలవాటుగా పనివాళ్ళు ఎక్కే సామాను లిఫ్టు వైపు తిరిగారు. ఇంతలో మెడలో ఐడీ కార్డున్న ఒకాయన చేయి పట్టుకుని నిల్చున్న పిల్లవాడు, లిఫ్టులో ఉన్నవాళ్ళను చూసి, జర జరుగుండ్రి అన్నాడు, అచ్చం నర్సిలాగే. అందరూ నవ్వుతూ జరిగారు. అమ్మ లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది.

"నీ గొంతు గింత పెద్దగుంటదని నాకెర్కలేదు బిడ్డా" అంది.

రత్నకుమారి గారు రెండేళ్ళ కిందట పోయారు. అప్పటికే నేను పిల్లల కార్టూన్లకు మాటలు చెప్పించే ఉద్యోగంలో ఉన్నాను, నస్రీన్ అదే స్టూడియోలో బొమ్మలు గీస్తోంది. నేను చెప్పించిన మొదటి సీరియల్‌ను రత్నకుమారి గారు తన చందానగర్ ఇంట్లో, సౌండు మొత్తం పెంచి, పక్కింటివాళ్ళు తలుపు కొట్టేదాకా విన్నారు. ఇప్పటికీ బస్తీల నుంచి పిల్లలు మా దగ్గరికి వస్తే, వాళ్ళచేత ముందు మాట్లాడిస్తాను, ఆ తర్వాతే నస్రీన్ బొమ్మలకు నోళ్ళు గీస్తుంది. ఖర్చు ఎక్కువవుతుందని ఆఫీసులో గొణుగుతారు. గొణగనీ.

నిన్న ఒక ఛానెల్ వాళ్ళతో మీటింగు. హీరోయిన్ భాష కాస్త పద్ధతిగా మార్చమన్నారు. పద్ధతంటే ఎవరి పద్ధతో చెప్పుండ్రి, గప్పుడు వింట అన్నాను, మా అమ్మ మాటలోనే. బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు. నవ్వినా నేను ఆగేదాన్ని కాదు.