సులేమానీ పటం

ఆ రోజుల్లో, అంటే పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, సికింద్రాబాద్‌లో పాత సర్కారు ఉద్యోగులు రోజూ "ఉంటుందా, ఊడుతుందా" అనుకుంటూనే ఆఫీసులకు బయలుదేరేవారు. నాకా బెంగ లేదు. పందొమ్మిదేళ్లవాణ్ణి. చిలకలగూడలో పటాలు గీసే ఆఫీసులో చేరి నెలైనా కాలేదు. రంగులు వేయడంలో నాకు సాటి లేరని గట్టి నమ్మకం (ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేది). ముప్పై ఏళ్లుగా నేను పెళ్లిళ్లలో, రైళ్లలో గొప్పగా చెప్పుకుంటూ వచ్చిన కథలో సగం అబద్ధం. దాన్ని ఇవాళ సరిదిద్దాలి.

మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. మద్రాసు నుంచి వచ్చిన కొత్త ఆఫీసరు ఆయన్ని ఉంచుతాడో, ఇంటికి పంపుతాడో తేలలేదు. ఆ శుక్రవారం తాలూకాల్లో నీటి ఎద్దడి చూపే పటం సిద్ధం కావాలి. బావులు ఎక్కడ తవ్వించాలో అది చూసే నిర్ణయిస్తారు. "ఒక్క నీలమే వాడు బేటా. ఎద్దడి తక్కువుంటె ఒక్క పూత. పెరిగినకొద్దీ మీద ఇంకో పూత. ఎండినంకనే వెయ్యాలె," అని చెప్పి ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. ఐదు రంగులుండగా ఒక్క నీలమేమిటి! నీళ్లు పుష్కలంగా ఉన్న తాలూకాకు శుభమని కుంకుమ ఎరుపు వేశాను. ఎండిన తాలూకా మీద జాలిపడి ఆకుపచ్చ వేశాను. ఒకే కుంచెను ఐదు గిన్నెల్లోనూ ముంచాను.

ఆఫీసరు ముందే వచ్చేశాడు. "ఎర్రగా ఉన్నచోటే కదా కరువు? మొదటి బావులు అక్కడే తవ్విద్దాం," అన్నాడు. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఉస్తాద్, "ఆగుండ్రి సార్! గక్కడ చెర్లు నిండున్నయి. రంగుల గలతీ నాదే. సాయంత్రం దాంక టైం ఇయ్యుండ్రి," అన్నాడు. "సాయంత్రానికి సరిగా లేకపోతే మీ సంగతి ఇవాళే తేల్చేస్తాను," అని ఆఫీసరు వెళ్లిపోయాడు.

"మీ నెత్తినెందుకు వేసుకున్నారు ఉస్తాద్?" అన్నాను. "నన్ను తీసెయ్యాలంటె పది కాయితాలు రాయాలె. నిన్ను తీసెయ్యనీకి ఒక్క మాట సాలు. నడువ్, పని షురూ చెయ్!" కానీ దేనితో? గిన్నెల్లో రంగులన్నీ బురదై ఉన్నాయి. ఉస్తాద్ కిటికీలోంచి ఎదురు హోటలుకు కేకేశాడు: "పాలు లేని సులేమానీ చాయ్, ఒక కెటిల్!" కొత్త కాగితం మీద చాయ్‌తోనే మొదలుపెట్టాడు. నీళ్లున్నచోట ఒక్క పూత, బాగా ఎండినచోట ఐదు. పూత పూతకూ నేను అట్టతో విసిరి ఆరబెట్టాను. చేతులు పడిపోతున్నా ఆపలేదు. లేత గోధుమ రంగు మెట్టు మెట్టుగా ముదిరి, కరువు దానంతటదే పైకి తేలింది.

సాయంత్రం వచ్చిన ఆఫీసరు వేలు సూటిగా అన్నిటికన్నా ముదురు తాలూకా మీద పడింది. "ఇక్కడే! ఇంక అడగక్కర్లేదు. ఈ చాయ్ ఆలోచన ఎవరిది?"

"నాదేనండీ!" (ఆ నోరు నాదే.)

ఆఫీసరు నా వీపు తట్టి, ఉస్తాద్‌తో, "కుర్రాణ్ణి బాగా తయారుచేశారు. మీరు ఉండాలి," అన్నాడు. నా అబద్ధమే ఆయన ఉద్యోగం నిలబెట్టిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఆయన మాత్రం కుంచె కడుగుతూ మెల్లగా అన్నాడు: "అబద్ధానికి సుత ఒక్క పూత సాలు బేటా. రెండోది వెయ్యకు."

నేను వినలేదు. ఏటా ఒక పూత వేస్తూ వచ్చాను. మొన్న మా అల్లుడికి చెప్పినప్పుడైతే కథలో అసలు ఉస్తాదే లేడు! అందుకే రాస్తున్నాను: పటం పాడుచేసింది నేను, నిలబెట్టింది ఉస్తాద్. ఎదురుగా గ్లాసులో సులేమానీ చల్లారిపోయింది. తాగబుద్ధి కావడం లేదు. ఈ వయసులో, నాలో నేనే నవ్వుకుంటూ, ఆ చాయ్‌లో ముంచడానికి ఇంట్లో ఎక్కడైనా కుంచె ఉందేమోనని వెతుకుతున్నాను.