నాయన వద్దనలేదు

నేను నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు చేరాక వాళ్లతో, వాళ్ల తల్లిదండ్రులతో ఒక గంట మాట్లాడే పని నాకే అప్పగిస్తారు. ఏ చదువు ఎవరికి సరిపోతుంది, మనసుకు నచ్చింది చేయాలా, ఇంట్లో చెప్పింది చేయాలా అన్నది విషయం. ఆ గంట చివర్లో చెప్పడానికి నా దగ్గర ఒక కథ ఉండేది.

"నేను శిల్పి కావాలనుకున్నాను. రాయి చెక్కడం నేర్చుకోవడానికి ఆళ్లగడ్డ వెళ్లాను. మా నాయన వద్దన్నాడు. అందుకే ఇలా మీ ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను."

హాలు నిశ్శబ్దమైపోయేది. వెనక వరుసల్లో కూర్చున్న తండ్రులు కొందరు తలలు దించుకునేవారు. మాట్లాడటం అయిపోయాక ఒకరిద్దరు వచ్చి, మావాణ్ని వాడికి ఇష్టమైనదే చదివిస్తాం సార్ అని చెప్పి వెళ్లేవారు. నా కథ వల్ల మంచే జరుగుతోంది కదా అనుకునేవాణ్ని.

అందులో మొదటి రెండు మాటలూ నిజం. మూడోది అబద్ధం. ముప్ఫై ఏళ్లు చెప్పిన అబద్ధం కాబట్టి దాన్ని ఒక వాక్యంలో సరిదిద్దితే చాలదనిపించి ఇది రాస్తున్నాను.

మాది దొర్నిపాడు దగ్గర పల్లె. నల్లరేగడి చేలు, శనగ, జొన్న. మా వైపు ఇళ్లలో నేలంతా నాపరాళ్లే పరుస్తారు. నునుపైన, బూడిదరంగు బండలు. బొగ్గుముక్క దొరికితే చాలు, ఇల్లంతా నాకు పలకే. ఒకరోజు నాయన చేను నుంచి వచ్చి గడప దాటబోతూ కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. కింద నేను గీసిన ఎద్దు ఉంది.

"ఏంరా, కాలు పెట్టేకి మనసు రాకుండా గీసినావే," అని పక్క నుంచి దాటుకుని లోపలికి వచ్చాడు.

ఇంటర్ పరీక్షలయ్యాక అడిగింది కూడా ఆయనే. "నీకు దేని మీద ఉండాది రా గురి?"

తెలియదన్నాను.

"తెలియకుంటే చూసొద్దాం పా," అని మోటార్ సైకిల్ మీద ఆళ్లగడ్డ తీసుకుపోయాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు సగం చెక్కిన దేవుళ్లు, నంది విగ్రహాలు. ఒక షెడ్డు ముందు బండి ఆపాడు. అక్కడి శిల్పికి అప్పుడు నలభై ఏళ్లుంటాయి. కనురెప్పల మీద కూడా రాతిపొడి.

"అప్పా, మావాడు బొమ్మలు గీస్తాడు. రాతిపనికి పనికొస్తాడేమో చూడు."

"గీసేటోళ్లు ఊరికి పదిమంది ఉంటారప్పా. చేను పెట్టుకొని మీకెందుకు ఈ దుమ్ము?"

"చేను యాడికీ పోదులే. వీని మనసు యాడుందో చూద్దామని," అన్నాడు నాయన.

శిల్పి చిన్న సుత్తి తీసుకుని ఆవరణలో పడి ఉన్న రెండు నల్లరాళ్లను ఒకదాని తర్వాత ఒకటి తట్టాడు. తర్వాత నాకు తెలిసింది, పని మొదలుపెట్టే ముందు వాళ్లు రాయిని తట్టి వింటారు. లోపల ఎక్కడైనా సన్నని పగులు ఉంటే శబ్దం అక్కడే ఇంకిపోతుంది. గట్టి రాయి మోగుతుంది. కంటికి కనబడనిది చెవికి దొరుకుతుంది. ఎంత ఆశ్చర్యం ఆ సంగతి, ఇప్పటికీ.

"ఈ రెండోది ఎట్ల పలుకుతాండాది?" అని నన్ను అడిగాడు.

నాకు రెండూ ఒకేలా వినిపించాయి. అయినా "గంట మాదిరి," అన్నాను. నాయన ముందు తెలియదనడం నామోషీ అనిపించింది. శిల్పి నా వైపు ఒక క్షణం చూసి, సరే రేపటి నుంచి రమ్మన్నాడు.

రెండు నెలలు వెళ్లాను. అక్కడ నన్ను పట్టేసింది సుత్తి కాదు. ఉలి పట్టే ముందు రాయి మీద గీసే గీతలు. విగ్రహం ముఖం ఎంత పొడవు ఉండాలో ముందు అనుకుంటారు. ఇక అన్నీ దాన్నుంచే. గడ్డం నుంచి గుండె దాకా ఒక ముఖం, అక్కడి నుంచి బొడ్డు దాకా ఇంకొకటి. పెద్ద విగ్రహమైనా, అరచేతిలో పట్టేదైనా అదే లెక్క. ఒక కొలత పట్టుకుంటే మొత్తం మనిషి వచ్చేస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చి నోట్ బుక్కులో ఆ కొలతలు వేసుకునేవాణ్ని. ముఖం ఒక అంగుళం పెరిగితే మోకాలు ఎక్కడికి జరుగుతుందో చూసేవాణ్ని. శిల్పి ఆ బుక్కు తిరగేసి, "నువ్వు లెక్కలోడివప్పా," అని నవ్వాడు. అది మెచ్చుకోలని నాకు తోచలేదు.

ఒకరోజు నాకు మోకాలెత్తు రాయి ఇచ్చి నందిని చెక్కమన్నాడు. ముందు ఒక పక్క మూల తీసేయాలి. వాళ్ల పద్ధతిలో అది రెండు రోజుల పని. గింజ గింజగా రాలేటట్టు, చిన్న చిన్న దెబ్బలతో. నాకు విసుగొచ్చింది. మా ఇంట్లో బండలు పరిచేటప్పుడు నాయనా నేనూ కలిసి నాపరాళ్లు చీల్చేవాళ్లం. పక్కన పొర చూసుకుని ఇనుప చీల ఆనించి ఒక్క దెబ్బ వేస్తే రాయి పుస్తకంలో పేజీలా విడిపోతుంది. ఇంత సులువైన పని వీళ్లకు తెలియదెందుకని నా మనసులో నవ్వుకున్నాను కూడా.

శిల్పి భోజనానికి వెళ్లినప్పుడు చీల పెట్టి, పెద్ద సుత్తితో కొట్టాను. మూడో దెబ్బకు రాయి పగిలింది. మూల కాదు. సరిగ్గా నంది మెడ ఉండాల్సిన చోట, ఏటవాలుగా, రెండు ముక్కలు.

శిల్పి వచ్చాడు. పగిలిన చోట బొటనవేలితో తడిమాడు.

"నాపరాయి అనుకున్నావా?"

నేను సుత్తి కింద పెట్టాను.

"బేగా అయిపోవల్లనుకున్నావ్. దీనికి పొరలుండవప్పా. మీ సేద్యగాళ్ల పిల్లోళ్లు ఎవరొచ్చినా ఇదే చేస్తారు. అందుకే ముందు చిన్న రాయి ఇస్తా. రేపొచ్చి ఇంగొకటి తీసుకో."

అంతే. తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. తిట్టి ఉంటే మరునాడు వెళ్లేవాణ్నేమో. నేను చేసిన తప్పు నాకు మాత్రమే జరిగిన గొప్ప ఆపద కాదని, వచ్చిన ప్రతివాడూ చేసేదేనని ఆయన అన్న మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది. నేను అందరిలాంటివాణ్ని కాననే కదా నా నమ్మకమంతా.

మరునాడు జ్వరమన్నాను. తర్వాత డిగ్రీ అప్లికేషన్ అన్నాను. నాయన రెండుసార్లు అడిగాడు.

"ఆయప్ప రమ్మంటాండాడు రా."

"డిగ్రీలో చేరల్ల నాయనా."

"చేరు. సెలవులకు పోవచ్చు గదా."

"నాకొద్దు."

నాకొద్దు అన్నది నేను. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు ఆయన కడ్డీ పట్టి ట్రాక్టర్ టైరు మట్టి గీకుతున్నాడు. తల ఎత్తి చూసి, మళ్లీ గీకాడు.

ఆ తర్వాత ఏడాది బండి ఆత్మకూరు అనే ఊళ్లో బంధువుల పెళ్లి. భోజనాల దగ్గర మా మేనమామ అందరి ముందూ అడిగాడు. "ఏమబ్బీ, శిల్పివైతావంటిరి. సుత్తి యాడ పారేసినావ్?"

"నాయన వద్దన్నాడు మామా," అన్నాను. ముందే అనుకున్నది కాదు. నోటికి అందిన మాట.

మామ నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. నాయన మజ్జిగ గ్లాసుతో అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏం బావా, పిల్లోని చేతులు కట్టేస్తివా? నీకు శనగలు తప్ప ఏమన్నా కానొస్తాదా?"

నాయన నన్ను చూశాడు. చాలాసేపు కాదు. "ఏం చేద్దాంలే, చేను చూసుకునేవాడు ఒకడుండల్ల గదా," అని మజ్జిగ తాగాడు.

తిరుగుదారిలో మోటార్ సైకిల్ మీద ఆయన వెనక కూర్చుని, ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని ఎదురుచూశాను. అడగలేదు. ఆ రోజు నుంచి ఆ అబద్ధం నా ఒక్కడిది కాకుండా పోయింది. ఆయన దాన్ని మోశాడు. నేను వాడుకున్నాను. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన పోయిన ఏడాది కూడా హాల్లో ఆ కథ చెప్పాను. గొంతు కాస్త బొంగురుపోవడంతో ఇంకా బాగా పండింది.

ఈ వేసవిలో నా కూతురికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి నాలుగు రోజుల గడువు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కటీ పెట్టలేదు.

"నేను పెట్టను నాన్నా. ఆళ్లగడ్డ పోతా. రాతిపని నేర్చుకుంటా."

"ఎందుకు?"

"నీకు దక్కంది నాకన్నా దక్కనీ. తాత నిన్ను ఆపినాడు. నువ్వు నన్ను ఆపవు గదా?"

ఆమె ఆ కథ నా ఒళ్లో కూర్చుని విన్న పిల్ల. ఆమెకు బొమ్మలు వచ్చు. కానీ రాయి ముట్టుకున్నది ఎప్పుడూ లేదు. వద్దంటే నా కథలోని తండ్రిని నేనే అవుతాను. సరేనంటే, నాకు ఎన్నడూ జరగని నష్టాన్ని పూడ్చడానికి ఆమె తన బతుకును పెడుతుంది. నిజం చెప్పడం ఒక్కటే దారి. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. "పా, చూసొద్దాం," అన్నాను. ఆ మాట ఎవరిదో అన్నాక గుర్తొచ్చింది.

నంద్యాల నుంచి మా పల్లెకు వెళ్లేటప్పుడు ఆ షెడ్ల వైపు నేను తల తిప్పేవాణ్ని కాదు. ఇప్పుడు అక్కడ కోత యంత్రాల రొద. పనివాళ్ల ముఖాలకు మాస్కులు. శిల్పికి డెబ్బై దాటాయి. తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"నాపరాయి," అన్నాడు.

వచ్చిన పని చెప్పాను. ఆయన లేచి సుత్తి తీసుకుని రెండు రాళ్లు తట్టాడు. "ఎట్ల పలుకుతాండాయి పాపా?"

నా కూతురు వంగి, చెవి దాదాపు రాయికి ఆనించి, మళ్లీ కొట్టమంది. మూడోసారి కూడా కొట్టించుకుంది.

"నాకు రెండూ ఒకటే మాదిరి వినపడతాండాయి తాతా."

"నయం. మీ నాయనకు మొదటిరోజే గంట వినపడె."

ఆమె నా వైపు తిరిగింది. యంత్రం మోగుతుండగానే చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో అది ఆగింది. "తాత వద్దనలేదు, నేనే మానుకున్నా," అన్న మాట షెడ్డంతా వినబడింది. ఇద్దరు పనివాళ్లు తలెత్తి చూశారు. గంట మాట, పగిలిన నంది, పెళ్లిలో మజ్జిగ గ్లాసు, అన్నీ చెప్పాను.

ఆమె రాయి మీద పొడిని వేలితో తుడిచింది.

"చిన్నప్పుడు నీ కథ విని వారం దినాలు తాతతో మాట్లాడలే నేను. ఎందుకమ్మా అలిగినావని ఆయన అడిగితే కూడా చెప్పలే. తెలుసా నీకు?"

తెలియదు. అది నాకు ఆ రోజే తెలిసింది.

"నాన్న మానుకున్నాక మా తాత ఏమీ అనలేదా?" అని శిల్పిని అడిగింది.

"అనకేం. మూడు తూర్లు వచ్చినాడు ఈడికి. మావానికని ఇంగొక రాయి పెట్టినావా అని అడిగినాడు. పెట్టినా. ఆ మూలన రెండేండ్లుండె. తర్వాత ఇంగెవురో చెక్కినారు."

నేను ఆ మూల చూశాను. నీళ్ల డ్రమ్ము ఉంది.

కారులో కొంత దూరం వచ్చాక ఆమె అడిగింది. "నిజంగా నీకు ఇష్టమేనా, రాయి?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. "గీతలు ఇష్టం. ఆ కొలతలు. సాయంత్రం లెక్కలు వేసుకోవడం. సుత్తి అంత ఇష్టం లేదనుకుంటా."

"మరి లెక్కల సారువైనావు గదా. నీకు సరిపోయింది గదా. మధ్యలో తాత ఎందుకు?"



ఆ సాయంత్రం ఆమె ఆప్షన్లు పెట్టింది. సివిల్ మొదట పెట్టింది. పెట్టి, "ఆదివారాలు ఆళ్లగడ్డ పోతా," అంది. "నీకోసం కాదు. ఆ రెండు రాళ్లకు తేడా యాడుందో నాకు తెలియల్ల. ఆయప్పకు ఏడాది పట్టిందంట. నాకెంత పడతాదో చూస్తా." తర్వాత లాప్‌టాప్ మూస్తూ, "హాల్లో కూడా చెప్పు. కొత్తది," అంది.

పోయిన వారం చెప్పాను. ఈసారి హాలు అంత నిశ్శబ్దంగా లేదు. పిల్లలు కదులుతూ, ఒకరినొకరు చూసుకుంటూ విన్నారు. వెనక తండ్రులెవరూ తల దించుకోలేదు. చివర్లో రెండో వరుసలోని ఒక అమ్మాయి లేచింది.

"మరి మీ నాయన పెళ్లిలో నిజం ఎందుకు చెప్పలేదు సార్?"

ఏదో ఒకటి చెప్పగలను. అలాంటి జవాబులు అప్పటికప్పుడు అల్లడం నాకు బాగా వచ్చు.

"నాకు తెలియదమ్మా," అన్నాను.